చివరి బల్ల నుంచి మొదలుపెట్టండి

మా వీధిలో ఉండే సిస్టరుగారు పోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున తెలిసింది. వాకిట్లో పాలు పోయించుకుంటున్నాను. తాడేపల్లిగూడెంలో ఉండే వాళ్ళమ్మాయి ఫోను చేసింది. "పిన్నిగారూ, అమ్మ ఇక లేదండీ" అంది. ముందురోజు మధ్యాహ్నం ఒంట్లో బాగోలేదంటే తమ్ముడు ఆసుపత్రికి తీసుకెళ్ళాడని, తను సాయంత్రానికల్లా బస్సులో వచ్చి అమ్మ దగ్గర కూర్చుందని, తెల్లవారుజామున ప్రాణం పోయిందని చెప్పింది.

ఇలాంటి కబురు వింటే ఎవరైనా "అయ్యో, ఎలా జరిగిందమ్మా" అంటారు. నా నోట మాత్రం వేరే మాట వచ్చింది. "అమ్మని బల్ల మీద ఎంతసేపు కూర్చోబెట్టారమ్మా?" అన్నాను.

ఆ పిల్లకి నా ప్రశ్న వింతగా అనిపించలేదు. ఆవిడ కడుపున పుట్టిన పిల్ల కదా. "తెలీదండీ పిన్నిగారూ. అప్పుడు తమ్ముడొక్కడే ఉన్నాడు. వాడిప్పుడు మాట్లాడే స్థితిలో లేడు" అంది.

నా ప్రశ్న విని మీరు తప్పుపట్టకండి. ఆవిడ సంగతి తెలిస్తే మీరూ అదే అడుగుతారు. సిస్టరుగారు ఏలూరులో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో హెడ్ నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశారు. యాక్సిడెంటైనవాళ్ళని, పాము కరిచినవాళ్ళని, ఉన్నట్టుండి ప్రాణం మీదికొచ్చినవాళ్ళని మొదట తీసుకొచ్చే చోటు అది. అక్కడికి వచ్చిన మనిషి బల్ల మీద కూర్చుని ఎదురుచూడడం అంటే ఆవిడకి పడేది కాదు. తన ఉద్యోగమంతా ఆ ఎదురుచూపు తగ్గించడానికే పెట్టారు. అటువంటి మనిషి తన ఆఖరి రోజున అదే హాల్లో కూర్చుని, తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉండిపోయారేమోనన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. పాలగిన్నె పక్కన పెట్టుకుని మెట్టు మీదే కూర్చున్నాను. ఆవిడ ఆత్మశాంతి కోసం ప్రార్థించాల్సింది పోయి, ప్రభువా, ఆవిడని కూర్చోబెట్టలేదని నాకు తెలియనివ్వు అని వేడుకున్నాను.

ముందుగా మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన బడిపంతులు, గణపవరం పక్క మనిషి. బస్సులో సీటు దొరికినా ఎదురుగా ఎవరైనా నిలబడి ఉంటే ఆయనకి కూర్చోబుద్ధి కాదు. కొల్లేరులో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు తెంపారే, దానికి ముందు సంవత్సరం సంగతి ఇది. మేం వట్లూరులో ఇప్పుడుంటున్న ఇంట్లోకి అప్పుడే కొత్తగా వచ్చాం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్లు దిగుతూ ఆయన గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "గ్యాసులే" అన్నారు. నాకు నమ్మకం కలగలేదు. రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ఆ హాలు మీకు తెలిసే ఉంటుంది, అన్ని ఆసుపత్రుల్లోనూ అలాంటిదే ఉంటుంది. డాక్టరుగారి గది గుమ్మం దగ్గర మొదలై గేటు దాకా బల్లలు. చీటీ రాయించుకుని బల్ల మీద కూర్చుంటే, ముందున్నవాళ్ళు లోపలికి వెళ్ళేకొద్దీ మనం జరగాలి. మేం సగం దూరం జరిగాం. అంతలో చంటిబిడ్డతో ఒకావిడ వచ్చింది. మా ఆయన లేచి "మీరు ముందు వెళ్ళండమ్మా, మాది అంత తొందరేం కాదు" అన్నారు. తరవాత ఒక ముసలాయనకీ అదే మాట. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగాను. "పర్వాలేదు, కూర్చో" అన్నారు.

అప్పుడే గేట్లోకి ఒక వ్యాను వచ్చింది. మోటారు సైకిలు మీంచి పడిన కుర్రాణ్ణి ఊరంతా మోసుకొచ్చినట్టుంది. కాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. వాడి కేకలు, వాళ్ళమ్మ ఏడుపు, వెంట వచ్చినవాళ్ళ అరుపులు. నర్సులందరూ అటు పరిగెత్తారు. హెడ్ నర్సుగారు కూడా చేతిలో దూది పళ్ళెంతో మా ముందు నుంచే వెళ్తున్నారు. వెళ్తూ వెళ్తూ మా ఆయన వంక చూసి ఆగారు. పళ్ళెం పక్కనున్న నర్సుకి ఇచ్చేసి వచ్చి, చుట్టాలింటికి వచ్చినట్టు మా ఆయన పక్కన కూర్చున్నారు.

"ఏం మేష్టారూ, ఏ ఊరండీ మనది?"

"గణపవరం దగ్గరండీ. మేష్టార్నని ఎలా తెలుసండీ మీకు?"

"ఆదివారం పూట కూడా జేబులో ఎర్ర పెన్ను ఉంది కదండీ. ఏవిటి నలతగా ఉందా?"

"గ్యాసండీ. ముందు ఆ కుర్రాణ్ణి చూడండి, పాపం రక్తం పోతోంది."

"చూస్తున్నారండీ. అరిచే ఓపిక ఉంది వాడికి, బావుంటాడు. మీ చొక్కా ఏవిటండీ ఇంతలా తడిసింది?"

"ఎండ కదండీ."

"ఫ్యాను కింద కూర్చున్నారు కదండీ."

మా ఆయన తలెత్తి ఫ్యాను వంక చూశారు. ఆవిడ వేళ్ళు అప్పటికే ఆయన మణికట్టు మీద ఉన్నాయి. నా వైపు తిరిగారు. "మేష్టారు ఇంట్లో కూడా ఇంతేనా అమ్మాయ్? కూరలో ఉప్పెక్కువైనా పర్వాలేదనే రకమా?"

"అవునండీ" అన్నాను.

"అయితే ఈయన పర్వాలేదన్నారంటే మనం పరిగెత్తాలన్నమాట" అని లేచి స్ట్రెచరు తెప్పించారు.

గుండెపోటు. వంతు వచ్చేదాకా కూర్చుని ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు చెప్పబోయి, నా ముఖం చూసి మానేశారు. మా ఆయన దేవుని దయవల్ల ఇప్పటికీ ఆదివారం బడిలో పిల్లలకి వాక్యం చెబుతున్నారు. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేశాను. పర్వాలేదన్నారు.

ఆయన ఇంటికి వచ్చాక తెలిసింది, సిస్టరుగారి ఇల్లు మా వీధి చివరే అని. పళ్ళు తీసుకుని వెళ్ళాను. టీ ఇచ్చారు. అంత చెడ్డ టీ నేను ఎక్కడా తాగలేదు. ఆవిడకి పాలు పొంగేదాకా కూడా ఆగడం చేతకాదు. పొడి వేయగానే దించేసేవారు. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎన్ని టీలు తాగానో, ఒక్కటీ రంగు దిగింది లేదు. అప్పుడు మాత్రం మొహమాటానికి తాగేశాను.

"ఎలా ఉంది?" అన్నారు.

"బావుందండీ."

"చూశావా. నువ్వూ మేష్టారి బాపతే" అని నవ్వారు.

అంతమందిలో మా ఆయననే ఎలా చూశారండీ అని అడిగాను. ఆవిడ కొల్లేటి నీళ్ళ మధ్య ఉండే లంక ఊళ్ళలో పుట్టిన మనిషి, చేపలు పట్టే ఇంటి పిల్ల. మాట ఎక్కడ మొదలుపెట్టినా కొల్లేటికే తీసుకెళ్తారు. "వల దులిపి బుట్టలో పోస్తాం కదా అమ్మాయ్. కొర్రమీను ఉందే, అది ఎగిరెగిరి పడుతుంది. బుట్టంతా దాని గోలే. నీళ్ళు లేకపోయినా గంటల కొద్దీ చావదు అది. పక్కనే పరిగలు ఉంటాయి, వెండి ముక్కల్లాగా. చప్పుడు చెయ్యవు. కొర్రమీనుతో కుస్తీ పడుతూ కూర్చుంటే అవి మెత్తబడిపోతాయి. మా అమ్మ ముందు పరిగల్ని ఏరి ఐసులో పెట్టేది."

నా టీ కప్పు అందుకుని పక్కన పెట్టారు. మళ్ళీ తనే చెప్పారు. స్కూల్లో చదువుకునే రోజుల్లో వాళ్ళ నాన్నగారికి కడుపులో నొప్పి వస్తే పడవ మీద గట్టు దాకా, అక్కణ్ణుంచి బస్సులో పట్నం ఆసుపత్రికి తీసుకొచ్చారట. "మా ఒంటి మీద చేపల వాసన. నలుగురి మధ్య కూర్చోవాలంటే సిగ్గు. గేటు పక్కన ఆఖరి బల్ల ఉంటే అక్కడ కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదమ్మాయ్. దూరంగా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. మేమే కూర్చున్నాం. ముందు బల్లల మీద ఖాళీ అయినా జరగలేదు. మా పేరు పిలిచేసరికి నాన్న పలకలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారు."

"అరిచి ఉంటే బతికేవారేమోనండీ" అన్నాను మెల్లగా.

"అరవడం మా ఇంట్లో ఎవరికీ రాదు" అన్నారు.

ఆవిడ క్యాజువాలిటీకి వచ్చిన కొత్తలోనే నర్సులకి చెప్పిన మాట ఇది: చివరి బల్ల నుంచి మొదలుపెట్టండి. గుమ్మం దగ్గరున్నవాళ్ళు ఎలాగూ కనిపిస్తారు, వినిపిస్తారు. గేటు దగ్గర ముడుచుకుని కూర్చున్నవాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలి. రెండో మాట, నిలబడి అడగొద్దు. తెల్ల బట్టలేసుకుని మీద నిలబడి "ఏవిటమ్మా" అంటే మన గోదావరి జిల్లాల మనిషి ఎవరైనా "ఏం లేదండీ" అనే అంటాడు. పక్కన కూర్చుని ఏ ఊరో, ఏం తిన్నారో అడిగితే అసలు సంగతి దానంతట అదే బయటికొస్తుంది.

కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరుగారు దీనికి మొదట ఒప్పుకోలేదట. "సిస్టర్, ఒక్కొక్కరి పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే ఈ హాలు ఎప్పటికి ఖాళీ అవుతుందండీ?" అన్నారు. "మీరు లోపల అడగాల్సినవి నేను బయటే అడిగేస్తున్నానండీ డాక్టరుగారూ. ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో తెలిస్తే మీకే కదండీ సుళువు" అన్నారు ఈవిడ. ఆయన కొన్నాళ్ళు చూశారు. చూశాక ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. "బావుంది సిస్టర్, మరి మీరొక్కరే ఎంతమంది పక్కన కూర్చుంటారు?"

ఆ ప్రశ్నకి జవాబు దొరక్క ఆవిడ చాలా రోజులు తిరిగారు. చివరికి నన్ను అడిగారు. "మీ గుడిలో స్త్రీల సమాజం ఉంది కదా అమ్మాయ్. మధ్యాహ్నం పూట వంతులేసుకుని ఇద్దరేసి వచ్చి మా బల్లల మీద కూర్చోగలరా? మందులూ సూదులూ మేం చూసుకుంటాం. ఊరికే పక్కన కూర్చోవాలి."

ఆవిడ మా గుడి మనిషి కాదు. ఏటా కొల్లేటి అమ్మవారికి మొక్కు తీర్చుకునే మనిషి. అయినా బుధవారం కూడికకి వచ్చి, వెనక చాప మీద కూర్చుని, పాట అయ్యేదాకా ఆగలేక గడియారం చూసుకుంటూ, పాట అవగానే లేచి విషయం చెప్పారు. మావాళ్ళు ముఖాలు చూసుకున్నారు. మనం నర్సులమా, చదువుకున్నామా, పొరపాటైతే ఎవరిది పూచీ అన్నారు. మా సమాజంలో పెద్దావిడ ఒకావిడ ఉన్నారు, అన్నిటికీ అడ్డం చెప్పే మనిషి. అందరూ ఆవిడ వైపు చూశారు. "పక్కన కూర్చుని ఊళ్ళోవాళ్ళ కష్టసుఖాలు అడగడమేగా. జీతం లేకుండా మనం రోజూ చేస్తున్న పనే కదర్రా" అన్నారావిడ. కూడికంతా నవ్వేసింది. మా పాస్టరు అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

నాకు మాత్రం భయంగానే ఉండేది. నా గొంతు చాలా చిన్నది. క్వయర్లో నేను పాడినా పాడకపోయినా తేడా తెలీదు. ఆ మాటే సిస్టరుగారితో అన్నాను. "నాకు కావాల్సింది ఆ గొంతే. నువ్వేం అడిగావో వినాలంటే మనిషి నీ వైపు ఒంగాలి. ఒంగితే ఎక్కడ నొప్పిగా ఉందో ముఖంలో తెలిసిపోతుంది" అన్నారు.

ఏం చూడాలో నేర్పారు. చెమటలు పట్టేవాళ్ళు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపేసేవాళ్ళు, ఊపిరి కోసం భుజాలు ఎగరేసేవాళ్ళు, తమ సంగతి అడిగితే పక్కవాళ్ళ సంగతి చెప్పేవాళ్ళు. అలాంటివాళ్ళు కనిపిస్తే కేక వెయ్యకూడదు. కేక వేస్తే ఆ మనిషి హడలిపోతాడు, ఇంటివాళ్ళు ఏడుపు అందుకుంటారు, గుంపు చేరుతుంది. లేచి వెళ్ళకూడదు, వెళ్ళేలోపు ఆ మనిషి ఒరిగిపోవచ్చు. మరెలా అంటే, ఆవిడ కాసేపు ఆలోచించి, "మీరు ప్రార్థనకి కొంగు తలమీద వేసుకుంటారు కదా. అది చాలు. బల్ల మీద కూర్చునే కొంగు వేసుకోండి. ఎక్కడున్నా చూస్తాం. మేం వస్తాం" అన్నారు.

అదే గుర్తుగా పెట్టుకున్నాం. నర్సులందరికీ చెప్పారు. రోగులకి మేం ప్రార్థన చేసుకుంటున్నట్టే ఉండేది. నిజానికి ఆ క్షణంలో ప్రార్థన కూడా చేసేదాన్ని.

నేను మొదటిసారి కొంగు వేసుకున్న రోజు బాగా గుర్తుంది. చివరి బల్ల మీద లంకల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఒళ్ళో మనవరాలు. పిల్లకి జ్వరం. నేను పక్కన కూర్చోబోతే ఆవిడ గోడ వైపు జరిగింది. "కొంచెం ఎడంగా కూర్చోండమ్మా, చేపలు కోసి అలాగే వచ్చేశాను, వాసన" అంది. పర్వాలేదని దగ్గరగానే కూర్చున్నాను. పిల్లకి ఎప్పటి నుంచి జ్వరం, ఏం తింది, అన్నీ చెప్పింది. "మీకెలా ఉందమ్మా?" అంటే మళ్ళీ పిల్ల సంగతే చెప్పింది. చెబుతుంటే ఆవిడ కంటి రెప్పలు వాలిపోతున్నాయి.

"రాత్రి నిద్ర లేదా అమ్మా?"

"పడుకున్నానమ్మా. ఎందుకో కళ్ళు మూతలు పడిపోతన్నాయి."

కిందకి చూస్తే ఎడమ కాలికి చీరపేలిక గట్టిగా కట్టి ఉంది. ఏవిటిదంటే, "గట్టు మీద గడ్డిలో ఏదో గుచ్చుకుందమ్మా. ముల్లేమో. ముందు పిల్లని చూడనియ్యండి, నాదేముంది" అంది.

 కొంగు తలమీదికి తీసుకున్నాను. కళ్ళు మూసుకుని తెరిచేసరికి సిస్టరుగారు ఆవిడకి అటు పక్కన కూర్చుని ఉన్నారు. "ఏం పెద్దమ్మా, ఏ లంక మనది?" అంటున్నారు, చేత్తో ఆ కట్టు తడుముతూ. పాము కాటు. పిల్లని నేను ఎత్తుకున్నాను. ఆవిడ బతికింది. చాన్నాళ్ళకి ఒకరోజు ఆకులో చుట్టిన ఎండుచేపలు పట్టుకుని మా హాలుకి వచ్చి, మళ్ళీ ఆ చివరి బల్ల మీదే కూర్చుంది.

ఇలా రాస్తుంటే సిస్టరుగారు మెత్తటి మనిషి అనుకుంటారేమో. నర్సుల్ని ఆవిడ కసిరే కసురు హాలంతా వినిపించేది. "ముందు మనిషి, తరవాత చీటీ" అనేవారు. చీటీ లేకపోతే లోపలికి పంపకూడదన్న పాత పద్ధతి మీద ఆఫీసువాళ్ళతో ఎన్నోసార్లు మాటలు పడ్డారు. చివరికి రోగి లోపలికి, చుట్టం చీటీల దగ్గరికి అన్న ఏర్పాటు తెచ్చారు. గుంపుగా వచ్చినవాళ్ళలో ఒక్కరినే లోపలికి రానిచ్చేవారు. మిగిలినవాళ్ళకి బయట రేకుల కింద మంచినీళ్ళ కుండ పెట్టించారు. అలా ఆపినప్పుడు ఒక పెద్దమనిషి మీదికొచ్చాడు. వాళ్ళ బావమరిది వేలు తెగింది.

"నేనెవరో తెలుసా మీకు?" అన్నాడు.

"తెలీదండీ. కానీ మంచి గొంతండీ మీది. నాకిప్పుడు అదే కావాలి" అన్నారు సిస్టరుగారు. ఆయన బిత్తరపోయాడు. "గేటు దగ్గర ఆటోలు అడ్డంగా పెట్టేస్తున్నారండీ, మా మాట వినరు. మీరొక్క కేక వేస్తే కదులుతారు. కుట్లు అయ్యాక నేనే వచ్చి పిలుస్తాను."

ఆయన వెళ్ళి కేక వేశాడు. ఆటోలు కదిలాయి. ఆ గొంతుకి తగిన పని దొరికినట్టుంది, సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. కుట్లు వేయించుకున్న బావమరిది వచ్చి "పోదాం రండి బావా" అంటే, "ఉండరా, ఆ పసుపు ఆటో తీయించి వస్తా" అన్నాడు. ఆ మాట మేం ఎన్నాళ్ళు చెప్పుకుని నవ్వుకున్నామో.

ఆవిడ లెక్క తప్పిన రోజు కూడా ఉంది. ఒక తల్లి గుమ్మం దగ్గర బిడ్డనెత్తుకుని కేకలు పెడుతుంటే, కేకలు పెట్టేవాళ్ళకి తొందర లేదులే అన్న నమ్మకంతో సిస్టరుగారు అలవాటుగా గేటు వైపు నడిచారు. ఆ పిల్లాడి గొంతులో చింతగింజ అడ్డుపడింది. డాక్టరుగారే విని బయటికి పరిగెత్తుకొచ్చారు. పిల్లాడు దక్కాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా గడప మీద కూర్చున్నారు. "గోల చేసేవాళ్ళందరూ కొర్రమీనులు కారమ్మాయ్" అన్నారు. మర్నాటి నుంచి గుమ్మం దగ్గర ఒక నర్సుని ప్రత్యేకంగా ఉంచారు. తను మాత్రం చివరి బల్ల నుంచే మొదలుపెట్టేవారు. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఎదురుచూడని మనిషి.

రిటైరయ్యాక ఆవిడ మళ్ళీ ఆ హాల్లోకి రాలేదు. "నేనొస్తే పిల్లలు నా వంక చూస్తారు. వాళ్ళు చూడాల్సింది బల్లల్ని" అనేవారు. మేం మాత్రం వారంలో నాలుగు మధ్యాహ్నాలు వెళ్తూనే ఉన్నాం. ఇంటికి వస్తుంటే వాళ్ళ గేటు దగ్గర నిలబడి ఉండేవారు. "ఇవాళ ఎన్నిసార్లు కొంగు వేసుకున్నావు?" అని అడిగేవారు. లేదంటే సంతోషించేవారు. నేను ఆవిడని ఒక్కసారి కూడా తలమీద కొంగుతో చూడలేదు. ఎండలో కూడా గొడుగే. "అదంతా మీ భక్తురాళ్ళకేనమ్మా" అని వేళాకోళం చేసేవారు.

మంగళవారం పాలగిన్నె లోపల పెట్టేసి వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో ఆవిడని పడుకోబెట్టారు. ముఖం ప్రశాంతంగానే ఉంది. కొడుకు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కాసేపటికి వాడే అన్నాడు.

"ఆటోలో దారి పొడుగునా పర్వాలేదురా, పర్వాలేదురా అంటూనే ఉంది పిన్నిగారూ. అక్కడికి వెళ్తే హాలంతా జనం. పెళ్ళివాళ్ళ వ్యాను బోల్తా పడిందట. రక్తాలు, ఏడుపులు. అమ్మని లోపలికి తీసుకెళ్దామంటే నా చెయ్యి విడిపించుకుని వెళ్ళి గేటు పక్కన చివరి బల్ల మీద కూర్చుంది. పాపం వాళ్ళని ముందు చూడనీరా అంది. నేను చీటీ కోసం పరిగెత్తాను. వచ్చేసరికి బల్ల మీద లేదు."

"లేకపోతే?"

"లోపలికి తీసుకెళ్ళిపోయారండీ. ఎవరు తీసుకెళ్ళారో కూడా తెలీదు. అమ్మ మాట అప్పటికే ముద్దముద్దగా అయిపోతోంది. నేను వెళ్ళేముందు చలేస్తుందనుకుంటా, కొంగు కప్పుకుంటోంది."

 సోమవారం మా స్త్రీల సమాజం వాళ్ళెవరూ ఆసుపత్రికి వెళ్ళరు. ఆ బల్ల మీద ఆవిడ పక్కన కూర్చోవడానికి ఎవరూ లేరు.

కాసేపటికి ఆసుపత్రి నర్సులు వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి డ్యూటీకి వెళ్ళబోతూ యూనిఫారంలోనే వచ్చేసింది. సిస్టరుగారి చేతి కింద పని నేర్చుకున్న పిల్ల. సిస్టరుగారి కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. లేచాక నేను పక్కకి తీసుకెళ్ళి అడిగాను.

"నేనేనండీ తీసుకెళ్ళింది" అంది. "పెళ్ళివాళ్ళకి కట్లు కడుతున్నాం అందరం. నేను సెలైన్ సీసా పట్టుకుని పరిగెడుతున్నాను. అలవాటుగా ఒకసారి గేటు వైపు చూశాను. చివరి బల్ల మీద ఎవరో కొంగు తలమీద వేసుకుని ఉన్నారు. సీసా పక్కనమ్మాయికి ఇచ్చేసి వెళ్ళాను."

"సిస్టరుగారని చూడగానే తెలిసిందా?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ముసుగులో ముఖం కనపడలేదండీ. మీ సమాజంలో ఎవరో అనుకున్నాను. పక్కన రోగి ఎవరా అని చూశాను, ఎవరూ లేరు. దగ్గరికెళ్ళి కూర్చుని 'ఏ ఊరండీ మనది?' అని అడిగాను. అప్పుడు తలెత్తారు." ఆ పిల్ల తన చెయ్యి నా ముందుకి చాపింది. "నా చెయ్యి పట్టుకున్నారండీ. నవ్వడానికి చూశారు. ఒక పక్క మూతి కదల్లేదు. ఇంక ఒక్క నిమిషం కూడా ఉంచలేదండీ బల్ల మీద."

కూర్చోబెట్టలేదు. నేను ప్రభువుని అడిగినదానికి జవాబు వచ్చింది. సిస్టరుగారని తెలిసి తీసుకెళ్ళలేదు, ఆవిడ మీద గౌరవంతో తీసుకెళ్ళలేదు. ఎవరో ఒక మనిషి అనుకునే ఆ పిల్ల పరిగెత్తింది. అంతకంటే ఆవిడకి కావాల్సింది ఇంకేముంటుంది. త్వరగా చూడబట్టే సాయంత్రానికి వాళ్ళమ్మాయి గూడెం నుంచి వచ్చేదాకా తెలివిలో ఉన్నారు. కూతురి చేతిలో చెయ్యి వేసి రాత్రంతా పడుకున్నారు.

ఈ బుధవారం నా వంతుకి హాలుకి వెళ్ళాను. చివరి బల్ల ఖాళీగా ఉంది. అక్కడే కూర్చున్నాను. పొడుగ్గా, అటు చివర డాక్టరుగారి గుమ్మం దాకా జనం. నోరు తిరగని స్థితిలో ఆవిడ ఇక్కడే కూర్చుని, ఇన్ని తలల మీదుగా అటు చూసి ఉంటారు. తన బాధ చెప్పుకోవడానికి ఎవరి ముందూ అరవని మనిషి, ఎన్నడూ తలమీద కొంగు వేసుకోని మనిషి, సత్తువ ఉన్న ఆ ఒక్క చేత్తో, భుజం మీది కొంగు అంచు వెతుక్కుని, మెల్లగా పైకి తీసుకుని ఉంటారు.